పచ్చ టిక్కును నమ్మని మనిషి

ఇలా దగ్గరికి జరిగి కూర్చో, బంగారం. ఇది గొంతెత్తి చెప్పే కథ కాదు.

అప్పటికి ఆయన ఆ పూట వార్డుల నుంచి వచ్చిన నాలుగో చీటీని కంప్యూటర్లో కొడుతున్నాడు. ఆసుపత్రి అడుగున కిటికీ లేని గది. ముక్కు మీదికి జారిన కళ్లజోడు, మోచేతి దగ్గర పిగిలిన స్వెట్టరు, టైపు చేసేది చూపుడువేలొక్కటే. ఆ భవనం గోడలు దాటి బయటి సిగ్నలు లోపలికి రాదు. రోగి తనవాళ్లతో మాట్లాడాలంటే ఫోను ఆసుపత్రి నెట్‌లో కలవాలి. అందుకు ఆ ఫోనుకు పుట్టుకతో వచ్చిన నంబరును, రెండేసి చొప్పున పన్నెండు గుర్తులను, ఆయన పేజీలో ఎక్కించాలి. అంకెలు ఏవైనా సరే, అక్షరాలైతే ఏ నుంచి ఎఫ్ దాకానే. ఒకటి తగ్గినా, పొరపాటున జీ పడినా పేజీ ఎర్రబడుతుంది. అన్నీ కుదిరితే పచ్చ టిక్కు.

పచ్చ పడితే ఎవరైనా చేతులు దులుపుకుంటారు. ఈయన మాత్రం చెప్పుల్లో కాళ్లు దూర్చి మెట్లెక్కుతాడు. అవతలి మొహం ఫోనులో కనిపించేదాకా మంచం పక్కన నిలబడతాడు. అందుకే నర్సులు ఆయనకు ‘టిక్కు బాబాయ్’ అని పేరు పెట్టారు.

నాలుగో అంతస్తు నర్సు ఫోన్ చేసింది. “బాబాయ్, ఆపరేషన్‌కెళ్లే మామ్మగారి ఫోను నంబరు పంపానుగా, పచ్చ పడిందా?”

“పడింది. వస్తున్నా.”

“మళ్లీ ఎందుకు? లిఫ్టు కూడా పాడైంది.”

“పచ్చదేముందమ్మా! ఆకారం బాగుంటే చాలు దానికి. నంబరు దేనిదో దానికేం పట్టింది?”

ఆ మాట ఊరికే వచ్చింది కాదు. ఆరేళ్ల కిందట ఆయన భార్య ఇక్కడే, ఎవర్నీ రానివ్వని అంటురోగాల వార్డులో ఉంది. ఆమె ఫోనువి చీటీ మీద రెండు నంబర్లు వచ్చాయి. పైది నెట్‌ది, కిందిది బ్లూటూత్‌ది. రెండూ కవలల్లా ఉంటాయి, చివరి జంటలోనే తేడా. తొందరలో ఆయన కిందిది కొట్టాడు. పచ్చ పడింది. ఇక తనే చేస్తుందిలే అని ఫోను బల్ల మీద పెట్టుకుని సాయంత్రందాకా చూశాడు. నిద్రపోతోందేమో అనుకున్నాడు. తెల్లారేసరికి ఆమె లేదు. సంచిలో పెట్టి ఇచ్చిన ఆమె ఫోనులో ఆయనకు చేసిన కాల్స్ పదకొండు. ఒక్కటీ గోడ దాటలేదు.

ఈ మామ్మగారి కోసం మెట్ల ఒక్కో మలుపు దగ్గరా ఆగుతూ, పొద్దుటి నుంచి తిమ్మిరెక్కుతున్న ఎడమ చేతిని రుద్దుకుంటూ ఎక్కాడు. మామ్మగారికి ఇంకో అరగంటలో గుండె ఆపరేషన్. నాలుగు రోజుల కిందట పుట్టిన మనవరాలిని ఇంకా చూడనేలేదు.

“ఏమయ్యా, ఇది గిర్రున తిరుగుతూనే ఉంది. నన్ను లోపలికి తోసుకుపోయేదాకా ఇంతేనా?” అంది మామ్మగారు ఫోను చూపిస్తూ.

ఆయన ఫోను తీసి చూశాడు. నర్సు పంపింది కింది నంబరే.

“తల్లీ, వార్డు కంప్యూటర్లో పేజీ తెరువు. ఒక్కో జంటా చెప్తాను, కొట్టి మళ్లీ నాకు చదువు” అన్నాడు నర్సుతో.

పచ్చ పడింది. ఆయన కదల్లేదు. కాసేపటికి తెరనిండా ఎర్రటి చిన్న మొహం వచ్చింది.

“అయ్యో అయ్యో, అచ్చం వాళ్ల తాత ముక్కే! పిచ్చిపిల్లకి ఇంకే ముక్కూ దొరకలేదా!” అంది మామ్మగారు, ఏడుస్తూనే. వార్డంతా నవ్వింది. ఆయనా నవ్వాడు.

“కాసేపు కూర్చుని దిగుతాను” అని వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. మంచినీళ్లు తెచ్చిన నర్సు “బాబాయ్” అని మూడుసార్లు పిలిచింది. గోడకు ఆనిన తల అలాగే ఉంది.

మామ్మగారు గండం దాటింది. కళ్లు తెరిచి అడిగిన మొదటి మాట, “ఆ ఫోను అబ్బాయి తిన్నాడా?” నర్సు ఆవిడ దుప్పటి సర్ది, కళ్లు తుడుచుకుంటూ బయటికి వెళ్లింది.

ఆయన్ని గుర్తుపెట్టుకో, బంగారం. నీ తర్వాతివాళ్లకీ చెప్పు. చెప్పేటప్పుడు ఆయన బల్ల సొరుగును మాత్రం వదిలెయ్యకు. అందులో ఆయన భార్య ఫోను ఉంది, ఛార్జరుకు తగిలించి, పై నంబరుతో సరిగ్గా ఎక్కించి, నెట్‌లో కలిసి, ఇంకా వెలుగుతూ.