ఊయల కాడ పసుపు చేప

హెబ్రోను పొద్దున్నే చద్దన్నం తిని, రొయ్యల గుంటల మీదికి పోయే ముందు ఊయల వైపు ఒకసారి చూసేవాడు. దూరం నుంచే. దగ్గరికి పోతే చేప కరుస్తుంది.

చేప ఏమంత పెద్దది కాదు, అరచేతిలో పడుతుంది. పసుపు ఒళ్లు, పక్కన నల్ల చుక్క. నాలుగు నెలల బిడ్డ పడుకున్న చీర ఊయల మీద, జానెడు ఎత్తున గాలిలో నిలబడి రెక్కలాడిస్తూ ఉంటుంది. బిడ్డను ఎక్కడికి ఎత్తుకుపోతే అక్కడికి వెంటపడుతుంది. బిడ్డకు చెమట పట్టదు, దోమ వాలదు. కరెంటు పోయినా అతని భార్య మెర్లిన్‌కు దిగుల్లేదు. చూడవచ్చిన అమ్మలక్కలు బిడ్డది ఎవరి పోలికో తేల్చుకుని, చేపకు తగలకుండా తల వంచి బయటికి పోతారు. అది అందరినీ రానిస్తుంది. తండ్రినే రానివ్వదు.

"ఏం పాపం చేసినావయ్యా, బిడ్డను ఎత్తుకోనీకుండా ఉండాది?" అని అత్త మగ్దలీనమ్మ నవ్వులాటకే అంది. హెబ్రోను కంచం పక్కకు పెట్టి లేచాడు.

ఏం చేశాడో అతనికి తెలుసు. గుంటల్లో రొయ్యపిల్లల్ని వదిలేముందు అందులోని చేపల్ని చంపాలి. తేయాకు గింజల చెక్క నానబెట్టి చల్లితే చేపలు తేలిపోతాయి, రొయ్యకు ఏమీ కాదు. ఏళ్లుగా అదే అతని పని. మెర్లిన్ కాన్పు రోజు చల్లుతుంటే, తూము దగ్గర పెంకు ముక్క మీద గుడ్లు కనిపించాయి. ఈ పసుపు చేపలు ఆలుమగలు కలిసి గుడ్లను కాస్తాయి. ఒకటి రెక్కలతో నీళ్లు విసురుతుంటే ఇంకోటి చుట్టూ తిరుగుతుంది. విసరడం ఆపితే గుడ్లకు బూజు పడుతుంది. ఆ పెంకు తీసి పక్క కాలవలో పెట్టడం ఎంతసేపు? అంతలో ఆసుపత్రి నుంచి ఫోను, ఆడబిడ్డ అని. సంబరంలో బకెట్టంతా అక్కడే గుమ్మరించి పరిగెత్తాడు. మర్నాడు ఆడచేప వెల్లకిలా తేలి ఉంది. బిడ్డ ఇంటికొచ్చి ఊయలెక్కేసరికి మగది ఊయల మీద ఉంది.

వచ్చే ఆదివారం చర్చిలో బిడ్డకు ప్రతిష్ఠ, దేవుడికి అప్పగించడం. సంఘం ముందు తండ్రే బిడ్డను పాస్టరు గారి చేతుల్లో పెట్టాలి. ఎట్లా పెడతాడు?

గురువారం యజమాని మస్తాన్ వచ్చి, "మూడో గుంటకు మందు చల్లాల, హెబ్రోనూ" అని పురమాయించాడు. తూము దగ్గర మళ్లీ పెంకు, మళ్లీ గుడ్లు. హెబ్రోను ఈసారి పెంకును నీళ్లతో సహా బకెట్లోకి తీసుకున్నాడు. తల్లీతండ్రీ బెదిరి లోతుకు పోయాయి, ఎంత వెతికినా చిక్కలేదు. అతను కాలవలోకి దిగి, పెంకును నీళ్లలో పెట్టి, చేత్తో విసురుతూ కూర్చున్నాడు.

"ఎంతసేపబ్బా?" అన్నాడు మస్తాన్.

"పిల్లలయ్యేదాకా అన్నా. ఆపితే బూజు పడతాది."

"మరి మందు?"

"నేను చల్లను. ఇంకెవురినన్నా పెట్టుకో."

మస్తాన్ పెట్టుకున్నాడు. సాయంత్రానికి ఆ గుంటలో చేపలన్నీ తేలాయి, ఈ గుడ్ల తల్లీతండ్రులతో సహా. హెబ్రోను అటు చూడలేకపోయాడు, చెయ్యి మాత్రం ఆపలేదు.

మర్నాడు మెర్లిన్ బిడ్డను అమ్మకు అప్పగించి అన్నం తెచ్చింది.

"నేను చూసినా మెర్లినూ. ఆ రోజు గుడ్లను చూసి కూడా పోసినా."

ఆమె ముద్ద కలిపి అతని నోట్లో పెట్టింది.

ఆదివారం పొద్దున గుడ్లు పగిలి, చీమతలంత పిల్లలు తోకలాడించాయి. వాటిని ఇప్పుడెవరు కాస్తారా అని అతను తల్లడిల్లుతుంటే, ఊరివైపు నుంచి పసుపు చేప గట్టు దాటుకుని వచ్చింది. నీళ్లలోకి దిగి, అతని వేళ్లను పక్కకు నెట్టి, పిల్లల మీద రెక్కలాడించింది.

హెబ్రోను తడిబట్టలతోనే చర్చికి పరిగెత్తాడు. మెర్లిన్ ఒళ్లో బిడ్డకు చెమట పట్టి ఉంది. బుగ్గ మీద దోమకాటు. అతను రెండు చేతులా ఎత్తుకున్నాడు. ఇంత బరువుంటుందని తెలియదు.

పాస్టరు గారు చేతులు చాపారు. బిడ్డను ఇవ్వడానికి హెబ్రోనుకు చాలాసేపు పట్టింది.