శేషారత్నం గోరు

నేను ఒక గాజు పలకను. ఒంటికి ఒకవైపు వెలుతురు తగిలితే నల్లబడే మందు పూసి, గుట్ట మీది ఒక వేధశాలకు పంపారు. ఒక చలికాలం టెలిస్కోపుకు బిగించి మూడు గంటలు ఆకాశం చూపించారు. ఒక గెలాక్సీల గుంపు మొత్తం నల్లటి చుక్కలై నా మీద కూర్చుంది. అబ్బ, ఆ గర్వం ఇప్పటికీ దిగలేదు!

నన్ను రోజూ భూతద్దం కింద పెట్టుకుని చూసిన మనిషి శేషారత్నం. కొత్తగా పరిశోధనకు చేరిన పిల్ల. అంచులు పట్టుకుని తప్ప నన్ను ఎత్తేది కాదు. ఒకరోజు నా మూలన, ఒక బక్క గెలాక్సీ పక్కన, కనుబొమలా వంగిన సన్నటి గీత ఆమె కంటపడింది.

"సార్, ఇది ఆకాశంలోదేనండీ!" అంటూ పెద్దాయన వేదాచలం గారి దగ్గరికి పరిగెత్తింది.

ఆయన కళ్లజోడు సర్దుకున్నారు. "ఆకాశమూ లేదు, గీకాశమూ లేదు. నీ గోరు గీసుకుందమ్మా."

"నా గోరు కాదండీ, ఒట్టు."

పలక పాడైతే వెనకవైపు ఎర్రసిరాతో సున్నా చుట్టి, పాడుచేసినవాళ్ల పేరు దాని కాగితం కవరు మీద రాయడం అక్కడి ఆచారం. ఆయన సున్నా చుట్టారు. "గీత – శేషారత్నం గోరు" అని రాశారు. ఆ తర్వాత ఆమెను పలకల గదిలోకి రానివ్వలేదు. కళ్లు తుడుచుకుంటూ వేరే ఊళ్లో పాఠాలు చెప్పుకోవడానికి వెళ్లిపోయింది. కోటానుకోట్ల మైళ్ల అవతల చూసే మనుషులు ఎదురుగా ఉన్న పిల్ల వేళ్లు చూడలేదు. గోళ్లు కొరుక్కునే అలవాటు ఆమెది. గీరడానికి గోరంటూ ఉంటేగా!

ముప్పై ఏళ్లు ఇనప బీరువాలో ఉన్నాను. భూతద్దం మీదికి వంగినప్పటి ఆమె వెచ్చటి ఊపిరి కోసం ఎంత బెంగపడ్డానో నాకే తెలుసు.

ఒక మధ్యాహ్నం బీరువా తెరిచారు. నెరిసిన జుట్టుతో శేషారత్నం, చేతికర్రతో వేదాచలం గారు. ఆమె దగ్గర కొత్త టెలిస్కోపు తీసిన ఫొటో ఉంది. అదే గుంపు, అదే చోట అదే గీత.

"గుంపంతా కంటికి కనబడని కృష్ణ పదార్థంలో మునిగి ఉంది సార్," అంది. "నడుమ చిక్కగా, అంచుల్లో పల్చగా. అదీ ఒకే తీరుగా లేదు. ఉప్మాలో రవ్వ ఉండలు కట్టినట్టు, గెలాక్సీల చుట్టూ చిన్న చిన్న ముద్దలు. ఈ బక్కదాని చుట్టూ కూడా ఒక ముద్ద ఉంది. ఎక్కడో వెనకనున్న గెలాక్సీ వెలుగు ఆ బరువుకే ఇలా వంగింది."

పెద్దాయన చాలాసేపు ఫొటోను, నన్ను మార్చి మార్చి చూశారు. "తప్పు నాదమ్మా. నీ నెత్తిన రుద్దాను," అని, స్పిరిట్‌లో ముంచిన దూదితో నా వెనక సున్నా తుడవబోయారు.

ఆమె ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది. "సున్నా ఉండనివ్వండి సార్. ఎక్కడ చూడాలో అదే చూపిస్తుంది. కవరు మీద ‘గోరు’ అన్న మాట కొట్టేయండి, చాలు."

ఆయన ఆ ఒక్క మాటా కొట్టేశారు.

ఇప్పుడు మ్యూజియంలో అద్దాల పెట్టెలో ఉన్నాను. పక్కనే నా పాత కవరు. వచ్చినవాళ్లు వంగి చదువుతుంటారు: గీత – శేషారత్నం.