ఎనిమిది పిన్నుల ప్లగ్గు

బీరకాయ చెక్కు తీస్తున్న తారామణి చెయ్యి ఒక్కసారిగా ఆగింది. ముందుగదిలో ప్లాస్టిక్ కీచుమంది. ప్లగ్గు సరైన చోట కూర్చుంటే టక్కుమంటుంది తప్ప అలా ఏడవదు. కాయ పళ్లెంలో పడేసి, పొయ్యి మీది కూర అలాగే వదిలి గుమ్మంలోకి వచ్చింది.

నాచారంలో ఆ ముందుగదే ఆమె భర్త పాండురంగ కంప్యూటర్ల దుకాణం. గిరాకీలతో మాట్లాడేది అతను, సిస్టమ్‌లు బిగించేది తారామణి. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి, పెళ్లికి ముందు పారిశ్రామికవాడలో సర్క్యూట్ బోర్డులు పరీక్షించే ఉద్యోగం చేసిన మనిషి ఆమె. "బయట ఎవని కిందనో ఎందుకు? ఇల్లు సూస్కుంట నాకే జర సాయం జెయ్యి" అన్నాడు పాండురంగ, కొడుకు పుట్టినప్పుడు. ఆ జర సాయం పెరిగి పెరిగి దుకాణమంతా అయింది. కుక్కర్ కూతల మధ్య ప్రాసెసర్ కూర్చోబెట్టేది, బట్టలు ఆరేసి వచ్చి తీగలు సర్దేది. బయట గిరాకీ స్కూటర్ చప్పుడైతే చాలు, స్క్రూడ్రైవర్ వదిలేసి వంటింట్లోకి పోవాలి. "ఆడమనిషి బిగించిందంటే బేరం తగ్గిస్తరు" అనేవాడు. అత్త శాంతాబాయి అయితే చుట్టాలందరికీ "మా కోడలు ఇంట్లనే ఉంటది, ఏం పని లేదు" అని చెప్పేది. ఆ మాట విన్నప్పుడల్లా తారామణి తన వేళ్లకేసి చూసుకునేది. ఒకవైపు పసుపు, మరోవైపు బోర్డుల అంచులు గీసిన గాట్లు.

ఆ రోజు వంట ఆలస్యమైంది. పీర్జాదిగూడ నుంచి మనస్విని అనే అమ్మాయి, పెళ్లి వీడియోలు ఎడిట్ చేసుకునే అమ్మాయి, మధ్యాహ్నం వచ్చి తన సిస్టమ్ తీసుకెళతానంది. ఇక ఆగలేక పాండురంగే బిగించడానికి కూర్చున్నాడు.

"ఆగుండ్రి, అది గ్రాఫిక్స్ కార్డుకు వెట్టేది" అంది తారామణి. "రెండిట్లకు ఎనిమిది పిన్నులే. కానీ ప్రాసెసర్‌ది నాలుగు నాలుగు ముక్కలు అయితది. మీ చేతులున్నది సూడుండ్రి, ఆరు, రెండు. దాన్ని ప్రాసెసర్ దాంట్ల బలవంతంగ గుచ్చితె షార్ట్ అయితది."

"కూర మాడుతది, పో."

బొటనవేలితో లోపలికి నొక్కేసి స్విచ్ వేశాడు. చిటుక్కుమంది. కాలిన వాసన గదంతా కమ్ముకుంది. పాండురంగ ఆమెకేసి చూడలేదు. "ఫ్యాన్ పెంచు" అన్నాడు.

మనస్విని వచ్చేసరికి అతని దగ్గర మాట సిద్ధంగా ఉంది. "ఏం జెప్పాలె మేడం, నేను లేని టైముల మా ఆమె చెయ్యి వెట్టింది. బోర్డు కాలిపోయింది. ఆడోళ్లకు ఇయ్యేం తెలుస్తయి?" అని నవ్వాడు.

చాయ్ పళ్లెంతో వచ్చిన తారామణి గుమ్మంలోనే నిలబడిపోయింది. మనస్విని జాలిగా చూసి, "పర్లేదు ఆంటీ, అవుతుంటాయి" అంది. అబద్ధం కన్నా ఆ జాలి లోతుగా గుచ్చుకుంది. ఉప్పల్ నుంచి చెంగిచెర్ల దాకా ఎన్ని ఇళ్లలో ఆమె బిగించిన సిస్టమ్‌లు చప్పుడు లేకుండా నడుస్తున్నాయో! వాటిలో దేని దగ్గరా ఆమె ఊసు రాలేదు. ఇన్నేళ్లకు దుకాణంలో ఆమె మాట మొదటిసారి వచ్చింది, అదీ కాలిపోయినదాని మీద. నడిచేవన్నీ ఆయనవి, మాడింది తనది. కూరా అంతే, బోర్డూ అంతే.

పళ్లెం బల్ల మీద పెట్టింది.

"నా పేరు తారామణి. ఈ దుకాణంల సిస్టమ్‌లన్నీ నేనే బిగిస్త" అంది. "ఇదొక్కటి నేను బిగియ్యలే."

"పిచ్చి లేసిందా? లోపలికి పో!" పాండురంగ లేచాడు.

ఆమె కదల్లేదు. కాలిన బోర్డుకి ఇంకా అంటుకునే ఉన్న ప్లగ్గుని లాగి మనస్విని చేతిలో పెట్టింది. దాని పక్కన నాలుగు నాలుగుగా విడిపోయే రెండో ప్లగ్గు పెట్టి, "ఆడ వెట్టాల్సింది ఇది" అంది. మనస్విని రెండూ తిప్పి చూసింది. తర్వాత పాండురంగకేసి చూసింది. అతను బల్ల మీది కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టాడు.

"అయితే నా సిస్టమ్ మళ్లీ మీరే బిగిస్తారా?" అని తారామణిని అడిగింది.

"బిగిస్త. కొత్త బోర్డు ఈయననే కొని పంపాలె" అంది తారామణి, చెప్పులు వేసుకుంటూ. "కానీ ఈడ గాదు. పా, మీ ఇల్లెక్కడనో సూపియ్యి."