అమ్మ తరపు వాళ్ళు

నేను దోసె తిరగేస్తుంటే మా అత్తగారు అంది, "జెన్సీ, మీ అమ్మవైపు రక్తం ఇన్నాళ్ళకి పనికొచ్చిందే!" మెచ్చుకోలుగానే అంది. అందరికీ వేశాక ఆఖరి దోసె నాది. అది నిలబడే తింటాను.

అమ్మ ఈ దేశంలోనే పుట్టిన మనిషి, తెల్లగా ఉండేది. నాన్న గుంటూరు వైపు నుంచి ఇక్కడికొచ్చి ఈ పారమట్టా ఊళ్ళో స్థిరపడ్డాడు. నా నలుపు నాన్నదే అనుకున్నారు ఈ ఇంట్లో. "పిల్లలకైనా ఆ అమ్మమ్మ రంగొస్తే బాగుండు" అనేది అత్తగారు. అమ్మ రెండేళ్ళ కింద పోయింది. తను పుట్టిన డబ్బో అనే ఊళ్ళోనే పాతిపెట్టాం. అక్కడ మే ఆంటీ అని ఒక ముసలామె నా చెయ్యి పట్టుకుంది. "మీ అమ్మమ్మ మా అక్క. మేం అబోరిజినల్ వాళ్ళం, ఈ నేల ఆదివాసులం. చిన్నపిల్లగా ఉన్నప్పుడు గవర్నమెంటు వాళ్ళొచ్చి, తెల్లవాళ్ళలా పెంచుతామని అక్కని తీసుకుపోయారు. మళ్ళీ ఇంటికి రానివ్వలేదు" అంది. అమ్మ నాకెప్పుడూ చెప్పలేదు. తనకి తెలుసో లేదో.

తిరిగొస్తూ కారులో మా ఆయన దీపక్‌కి ఇదంతా చెప్పి అడిగాను, ఇంకోసారి వద్దామా అని. "ఐదు గంటల డ్రైవ్. అక్కడ మనకెవరున్నారు?" అన్నాడు. మళ్ళీ అడగలేదు. శనివారం వాళ్ళ ఫ్రెండ్స్ వస్తారు. ఆదివారం వారానికి సరిపడా కూరలు వండాలి. సోమవారం నుంచి చైల్డ్‌కేర్‌లో ఎవరి పిల్లలకో ముక్కులు తుడవాలి. మధ్యలో ఆ ముసలామె చెయ్యి గుర్తొచ్చేది. ఇంటినిండా మనుషులే. ఈ సంగతి చెప్పుకోడానికి ఒక్కళ్ళు లేరు.

మా అమ్మాయి అపూర్వ ఇప్పుడు ట్వెల్త్. మెడిసిన్‌కి మార్కులు చాలేట్టు లేవు. అబోరిజినల్ పిల్లలకి యూనివర్సిటీలో వేరే ఎంట్రీ ఉందని, ఈ పిల్ల మాదేనని డబ్బోలో అమ్మవైపు జనం రాసివ్వాలని దీపక్‌కి ఎవరో చెప్పారు.

"శనివారం అందరం డబ్బో వెళ్దాం" అన్నాడు. "స్వీట్స్ తీసుకెళ్ళి, సంతకం పెట్టించుకుని, రాత్రికి వచ్చేయొచ్చు."

ఐదు గంటల దూరం ఇప్పుడు దగ్గరైంది.

మామగారు తలూపాడు. ఏ బార్బెక్యూ పార్టీకి వెళ్ళినా ఈయనది ఒకటే మాట, రిజర్వేషన్ల వల్లే దేశం వదిలొచ్చానని. ఒకసారి మా నాన్న ఎదురుగానే అన్నాడు. రిజర్వేషన్ సీటులో చదువుకున్న నాన్న ప్లేటు పట్టుకుని నేల చూస్తూ నిలబడ్డాడు.

"మావయ్యగారూ, మరి ఇది రిజర్వేషన్ కాదా?" అన్నాను.

"అది వేరమ్మా. ఇది మన పిల్ల హక్కు."

"మమ్, దే డోంట్ ఈవెన్ నో మీ. ఫీల్స్ వియర్డ్" అంది అపూర్వ.

"నువ్వూరుకో. సీటొచ్చాక అంతా బానే ఉంటుంది" అంది అత్తగారు.

ఆ ఎంట్రీ తప్పని కాదు. ఎవరి పిల్లల్ని లాక్కుపోయారో వాళ్ళ కోసం పెట్టింది. మంచిదే. కానీ అమ్మ పోయాక వాళ్ళని ఒక్కసారి పలకరించలేదు, ఇప్పుడు సంతకానికి పోవడమా?

దీపక్ నా ఫోన్ తీసుకుని మే ఆంటీకి కలిపాడు. స్పీకర్ ఆన్ చేసి వంటింటి గట్టు మీద పెట్టాడు. అడుగు అని సైగ చేశాడు.

"జెన్సీనా? ఏం తల్లీ, ఏమైనా కావాలా?"

అందరూ నా మొహమే చూస్తున్నారు.

"ఒక్క నిమిషం ఆంటీ" అని దీపక్ వైపు తిరిగాను. "నేను అడగను. శనివారం నేనొక్కదాన్నే వెళ్తాను. అపూర్వ ఎప్పుడో వాళ్ళ మధ్య కూర్చుని, నేనూ వీళ్ళ పిల్లనే అనుకున్న రోజున, కావాలంటే తనే అడుగుతుంది."

"నీకు పిచ్చా? పిల్ల భవిష్యత్తు..."

స్పీకర్ ఆపేశాను. ఫోన్ చెవికి పెట్టుకుని పెరట్లోకి వెళ్ళి తలుపేసుకున్నాను.

"ఆంటీ, మా అమ్మమ్మని తీసుకుపోక ముందు, మీ అమ్మ ఆమెని ఏమని పిలిచేది?"