గేటు దగ్గర కంప్యూటరు

మా బడికి కంప్యూటర్లు రాకముందే ప్రోగ్రామింగ్ వచ్చింది. ముందు టీచర్లందరూ నేర్చుకోవాలని పైనుంచి ఆదేశం. నేర్పడానికి ఒక అమ్మాయిని పంపారు. కంప్యూటర్లు దారిలో ఉన్నాయనీ, ఈలోగా పాఠం ఆగకూడదనీ ఆ అమ్మాయి చెప్పింది.

"ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది," అన్నారు లెక్కల మాస్టారు. "కంప్యూటరు లేకుండా ఎలాగమ్మా?"

"మీలో ఒకరు కంప్యూటరు అవుతారు సార్."

అందరం డ్రిల్లు మాస్టారి వైపు చూశాం. పిల్లలు ఆయన్ని విజిల్ మాస్టారు అంటారు. చెప్పింది చెప్పినట్టు చేయడమే క్రమశిక్షణ అని నమ్మే మనిషి. ఆయన లేచి, "రెడీ!" అన్నారు. చాక్‌పీసులు వచ్చిన అట్టపెట్టెకు ఒకవైపు చదరంగా కత్తిరించి ఆయన తలకు తొడిగారు. ఆ కిటికీలో మీసం సరిగ్గా మధ్యకు వచ్చింది.

"కంప్యూటరుకి తనంతట తనకి ఏమీ తెలియదు," అంది అమ్మాయి. "ఊహించుకోదు. మొహమాటపడదు. మీరు రాసిన వరసలో, రాసినంతే చేస్తుంది. ఆ వరసనే ప్రోగ్రామ్ అంటాం. తెలియనిది ఎదురైతే మన కంప్యూటరు రాసినవాళ్ళని అడుగుతుంది. ఎవరు రాస్తారు?"

పెద్ద టీచరమ్మ లేచి, బోర్డు మీద 'ముందుకు నడువు' అని రాశారు.

విజిల్ మాస్టారు నడిచారు. గోడ వచ్చింది. అయినా నడుస్తూనే ఉన్నారు, పెట్టె గోడకు టకటకా కొట్టుకుంటూ.

"ఆగండి మాస్టారూ! గోడ కూలుతుంది!"

"ఆగమని బోర్డు మీద లేదు మేడమ్," అని పెట్టెలోంచి వినిపించింది.

"చూశారా, తప్పు కంప్యూటరుది కాదు," అంది అమ్మాయి సంతోషంగా. "గోడ వచ్చేదాకా అని రాయాల్సింది. ఎప్పుడు ఆగాలో చెప్పడమే సగం ప్రోగ్రామింగ్. రాసినవాళ్ళే దిద్దాలి. వేరేవాళ్ళు దిద్దకూడదు."

పెద్ద టీచరమ్మ పరుగున వెళ్ళి దిద్దారు. కంప్యూటరు ఆగింది.

"మరి అర్జెంటుగా ఆపాలంటే?" అడిగారు లెక్కల మాస్టారు.

"దానికో మీట ఉంటుంది సార్. అది మూడో పాఠం. వచ్చే వారం."

తరవాత ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చేయించడం గురించి చెప్పింది. దాన్ని లూప్ అంటారట. రోజూ ఆలోచించకుండా చేసే పని ఏదైనా రాయమని చాక్‌పీసు నాకిచ్చింది. నేను తెలుగు చెబుతాను. వాక్యం రాసే ముందు ఆలోచించడం నా అలవాటు. ఆలోచించవద్దన్నారు కనుక రాసేశాను.

గేటు దగ్గర నిలబడు.
అక్క వచ్చిందా, చూడు.
రాకపోతే, మళ్ళీ చూడు.
వస్తే, ఇంటికి వెళ్ళు.

అక్కా నేనూ ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. ఎండైనా వానైనా సాయంత్రం గొడుగుతో గేటు దగ్గరికి వచ్చేది. "నిన్నొక్కదాన్నే వదిలితే పేపర్లు దిద్దుకుంటూ ఏ లారీ కిందో పడతావే. పడి కూడా, లారీ మీద రాసినదాంట్లో తప్పులు పడతావు," అనేది. వేసవి సెలవుల్లో అక్క పోయింది. బడి తెరిచాక కూడా గంట కొట్టగానే నేను గేటు దగ్గర నిలబడుతున్నాను, వాచ్‌మన్ తాత తాళాల గుత్తి గలగలలాడించేదాకా. ఎందుకని ఎవరూ అడగలేదు.

గదిలో అందరూ బోర్డు మీదనుంచి చూపు తిప్పుకున్నారు. ఆ అమ్మాయికి మాత్రం ఏమీ తెలియదు. "ఎంత బాగా రాశారు టీచర్! లూప్ అంటే ఇదే!" అని, బస్సు వేళైందని వెళ్ళిపోయింది.

విజిల్ మాస్టారు బోర్డు చదివారు. వెనక్కి తిరిగి, వరండా దిగి, గేటు దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు.

ఆఖరి గంట కొట్టారు. పిల్లలు బయటికి వస్తున్నారు. కంప్యూటరు పెట్టెను ఒకసారి ఎడమకీ ఒకసారి కుడికీ తిప్పుతూ డ్రిల్లు గొంతుతో అంటోంది: "అక్క వచ్చిందా? రాలేదు. అక్క వచ్చిందా? రాలేదు." ఆ తాళానికి పిల్లలు అడుగులు కలిపారు. బడి పెట్టినప్పటినుంచీ ఇంత వరసగా వాళ్ళు ఇంటికి వెళ్ళింది లేదు.

"ఇదేంటండీ?" ఒక పిల్లాడి తండ్రి అడిగాడు.

"కంప్యూటరు. కొత్తగా వచ్చింది," అన్నారు పెద్ద టీచరమ్మ. ఇంకేమనగలరు?

ఆయన పెట్టె చుట్టూ తిరిగి చూసి, "మంచి కంపెనీదేనా?" అని అడిగి, తృప్తిగా వెళ్ళాడు.

లెక్కల మాస్టారికి ఒక ఉపాయం తోచింది. "ఎవరి అక్కో బోర్డు మీద లేదుగా!" అంటూ, తమ్ముణ్ణి తీసుకెళ్ళడానికి వచ్చిన ఒకమ్మాయిని పట్టుకొచ్చి ఎదురుగా నిలబెట్టారు.

పెట్టె నావైపు తిరిగింది. "టీచరుగారూ, ఈమేనా?"

ఆ అమ్మాయి ఏం తప్పు చేసిందో తెలియక చేతులు వెనక్కి పెట్టుకుంది.

"కాదు," అన్నాను.

"అక్క రాలేదు," అంది కంప్యూటరు.

పొద్దు వాలుతుండగా విజిల్ మాస్టారి భార్య వచ్చింది. "ఏవండీ! ఇంట్లో నా మాట ఒక్కటి వింటే ఒట్టు. గోడకి చెప్పుకున్నా ఈపాటికి కదిలేది. ఇక్కడ బోర్డు చెబితే వింటున్నారా?"

"అక్క వచ్చిందా? రాలేదు."

ఆమె నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. "ఈయనకి మోకాలి నొప్పి టీచరుగారూ. పైకి చెప్పరు. మీరొక్క మాట రాసేయండి."

పెద్ద టీచరమ్మ ఆ ట్రైనింగ్ అమ్మాయికి ఫోన్ చేసి, అందరికీ వినపడేలా పెట్టారు.

"అయ్యో, ఇంకా తిరుగుతోందా?" అంది ఆ అమ్మాయి. బస్సు హారన్లు వినిపిస్తున్నాయి. "షరతు ఎప్పటికైనా నిజం కావాలి మేడమ్. నిజం కాని షరతు పెడితే కంప్యూటరు అలా చూస్తూనే ఉంటుంది. దానికేం బాధ ఉండదు, కరెంటు దండగ, అంతే. టీచరుగారి అక్కగారిని ఒక్కసారి వచ్చి కనిపించమనండి, సరిపోతుంది."

పెద్ద టీచరమ్మ గబుక్కున ఫోన్‌ని చేత్తో మూశారు.

"హలో? వినిపిస్తోందా?"

"వినిపించింది," అన్నాను.

వరండా మెట్టు మీదనుంచి గేటు వైపు చూశాను. ఆ చోట నిలబడ్డ మనిషి ఇటునుంచి ఎలా కనిపిస్తారో అంతవరకూ నాకు తెలియదు. విజిల్ మాస్టారు బరువును ఒక కాలి మీదనుంచి ఇంకో కాలి మీదకు మార్చుకుంటున్నారు. తాత తాళాల గుత్తిని చప్పుడు కాకుండా గుప్పిట్లో పట్టుకుని నిలబడ్డాడు.

బోర్డు తెప్పించమన్నాను. లెక్కల మాస్టారూ తాతా చెరోవైపు పట్టుకుని మోసుకొచ్చి కంప్యూటరు ముందు నిలబెట్టారు. డస్టరు ఇచ్చారు. దాన్ని పక్కన పెట్టాను. రాసింది చెరపలేదు. కింద ఇంకో వాక్యం రాయాలి. అందులో 'ఇక' అన్న మాట ఉండాలా వద్దా అని కాసేపు ఆలోచించాను. ఉంచాను.

అక్క ఇక రాదు. చూడటం ఆపు. ఇంటికి వెళ్ళు.

విజిల్ మాస్టారు పైకే చదివారు. అది డ్రిల్లు గొంతు కాదు. చదివి, గేటు దాటి, కుడివైపు తిరిగి నడిచారు.

"మన ఇల్లు ఎడమవైపండీ!" అరిచింది భార్య.

"రాసింది టీచరుగారు," అంది పెట్టె. "ఇల్లు కూడా వారిదే."

ముందు కంప్యూటరు, వెనక తిట్టుకుంటూ ఆమె, ఆ వెనక తాళంచెవి వెతుక్కుంటూ నేను. సగం దారిలో చినుకులు మొదలయ్యాయి. అట్టపెట్టె మెత్తబడి ఒకవైపు ఒరిగింది. ఆయన అడుగు మాత్రం తప్పలేదు. మా గుమ్మం ముందు ఠక్కున ఆగి, పెట్టె తీసేసి, "అయిపోయిందండీ," అన్నారు. నుదుటి మీద అట్ట అంచు ఎర్రగా గీత పడింది.

తలుపు తీశాను. గొడుగు మేకుకే ఉంది. తెచ్చి ఆమె చేతిలో పెట్టాను.

"రేపు ఈయనకిచ్చి పంపిస్తాను," అంది ఆమె.

"ఆరబెట్టి ఇవ్వండి. తడిది మడిచి పెడితే అక్కకి నచ్చదు."

ఆమె తల ఊపి గొడుగు విప్పింది. ఇద్దరూ దాని కిందికి చేరారు.

"ఇటు జరగండి, భుజం తడుస్తోంది."

"బోర్డు మీద లేదు."

"ఇంటికి పదండి, రాసిస్తాను."

మలుపు తిరిగేదాకా వాళ్ళ మాటలు వినిపించాయి. తరవాత తలుపు వేసుకున్నాను.