పదిహేడో నెల

"పదిహేడో నెల ఎప్పుడొస్తుందే? చెబితే నేనూ సెలవు పెట్టుకుంటాను," అంది అక్క, నా భుజం మీదుగా తెరలోకి తొంగిచూస్తూ.

నాకు నవ్వు రాలేదు. ఆసుపత్రి మందుల గదిలో తయారీవాళ్ళ పెట్టెలు విప్పి కట్టిన ప్రతి పొట్లం మీదా మేం అంటించిన గడువు తేదీ చీటీ ఉంటుంది. ఆ తేదీలన్నీ కంప్యూటరులో వరుసగా ఉన్నాయి; ఆ లెక్క చూడటం నా పని. వాటిలోంచి రోజు, నెల, సంవత్సరం విడదీయడానికి పొద్దున నేనొక వెతుకుడు సూత్రం, అంటే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ రాశాను: రెండంకెలు, ఏదో ఒక గుర్తు, రెండంకెలు, మళ్ళీ ఏదో ఒక గుర్తు, నాలుగంకెలు. అది అంకెల ముక్కలు మూడింటినీ పట్టుకుని మిగతాది వదిలేస్తుంది. కాని కొన్నింటికి నెల స్థానంలో పదిహేడు, ఇరవై ఆరు వచ్చాయి. అంటే అక్కడ నెల ముందుంది. పన్నెండు దాటిన సంఖ్య దానంతటదే దొరికిపోతుంది. దాటనిది దొరకదు. మూడు, పదకొండు అని ఉంటే అది మార్చా, నవంబరా? ఒకటైతే గడువు తీరిపోయింది, ఇంకొకటైతే తీరలేదు.

స్టోరు పెద్దాయన తేల్చేశాడు. "అనుమానమున్నవన్నీ సాయంత్రం పారబోయిద్దామమ్మా. మనకెందుకొచ్చిన తలనొప్పి?"

అక్క పిల్లల వార్డులో నర్సు. వాళ్ళ మూర్ఛ మందు దాదాపు అంతా ఆ అనుమానపు గుట్టలోనే ఉంది. కొత్త సరుకు రావడానికి వారం పడుతుంది.

"వారం దాకా మూర్ఛ తెచ్చుకోకండమ్మా అని చెప్పనా పిల్లలకి?"

"కాసేపు మాట్లాడకే, ఆలోచించనీ."

"మాట్లాడితే మాత్రం వింటావా? చిన్నప్పట్నుంచీ అంతే. నీకు కావలసిన ముక్క పట్టుకుని మిగతాదంతా గాలికొదిలేస్తావు."

ఆ మాట ఎక్కడో తగిలింది. కోపం వస్తుందని ఎదురుచూశాను, రాలేదు. మనుషుల మాటల్లోంచి పనికొచ్చేది ఏరుకోవడం తెలివి అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్ళూ. నా చేతిరాత నన్ను పట్టిచ్చినట్టుగా, తెర మీద ఆ సూత్రం: ఏదో ఒక గుర్తు. ఏ గుర్తు?

దాన్నీ విడిగా పట్టుకోమని సూత్రాన్ని మార్చాను.

నెల ముందని రూఢిగా తెలిసినవన్నీ ఏటవాలు గీతతో ఉన్నాయి. రోజు ముందని తెలిసినవన్నీ చుక్కతో ఉన్నాయి. ఒక్కటీ తప్పలేదు.

"చీటీలు కొట్టే మిషన్లు ఎన్నండీ?"

"రెండు. పాతదొకటి, మొన్న వచ్చిందొకటి. ఏం?"

అప్పటికీ నన్ను నేను నమ్మలేదు. రెండు రకాల చీటీలున్న విప్పని పెట్టెలు తెప్పించాను. వాటి మీద తయారీవాళ్ళు నెల పేరును అక్షరాల్లో వేస్తారు. ఒక్కొక్కటీ పోల్చాను. గీత ఉన్నచోట నెలే ముందు, చుక్క ఉన్నచోట రోజే ముందు. గుర్తును బట్టి మళ్ళీ విడదీస్తే గడువు తీరినవి పక్కకు తేలాయి. మూర్ఛ మందులో చాలావరకు నిలబడింది.

గీతా చుక్కా లేకుండా, మధ్యలో ఖాళీ మాత్రమే ఉన్నవి కొన్ని మిగిలాయి. ఎవరో మిషన్ లేకుండా చేత్తో టైపు చేసిన చీటీలు.

"అవీ ఇచ్చెయ్యవే," అంది అక్క. "ఇంతదాకా వచ్చి!"

"ఇవ్వను."

"ఖాళీ కూడా గుర్తే కదమ్మా," అన్నాడు పెద్దాయన, ఇప్పుడు అక్క పక్షాన చేరి.

"ఆ ఖాళీ ఏ మిషన్‌దో చెప్పండి, ఇస్తాను."

అక్క ఆ పొట్లాలను తనే ఏరి పారబోసే బండిలో వేసింది. తర్వాత వార్డుకు పోవలసిన మూర్ఛ మందు పెట్టె ఒకటి చంకనెత్తుకుంది.

"ఆ రెండోది నువ్వు పట్టుకో. దార్లో ఏదీ వదిలెయ్యకు."