విరిగిన కొక్కెం

పల్లంరాజు భుజం ఎముక మూడు ముక్కలైన పన్నెండో రోజున, ఆయన కూతురు రమ్యశ్రీ విరిగిన కొక్కేన్ని సంచిలో వేసుకుని నాగేశ్వరప్రసాద్ కొట్టు మెట్లెక్కింది. కాకినాడ హార్బరు దగ్గర బోట్లకు కావలసిన తాళ్లు, గొలుసులు, కప్పీలు అమ్మే కొట్టది. మధ్యాహ్నమైనా బేరాలు బాగానే సాగుతున్నాయి.

"ఇది మీ దగ్గర కొన్నదేనండి. ఉక్కని చెప్పి అమ్మారు," అంటూ రెండు ముక్కలూ బల్ల మీద పెట్టింది.

నాగేశ్వరప్రసాద్ వాటిని ముట్టుకోలేదు. "మీ నాన్న సంగతి విన్నానమ్మా, పాపం. కానీ చేపలు పడ్డాయని ఆశకొద్దీ మోయలేనంత బరువెత్తితే ఏ ఇనుమైనా విరుగుద్ది. సరుకుని అంటే ఎలాగ?"

రమ్యశ్రీ చెవులు వేడెక్కాయి. ఆశకొద్దీ! ముప్పై ఏళ్లు సముద్రం మీద బతికిన మనిషి, తాడు పట్టుకుంటే వల బరువు చెప్పగలడు. ఆ రోజు వల సగం కూడా నిండలేదు. వలను పైకి లాగే వించి తిరుగుతుండగా, పైన కప్పీని పట్టి ఉంచిన కొక్కెం ఫట్‌మని విరిగింది. కప్పీ వచ్చి ఆయన భుజం మీద పడింది. ముందు చిన్న చప్పుడైనా లేదు.

రమ్యశ్రీ ఒక పాలిటెక్నిక్‌లో ల్యాబ్ ఇన్‌స్ట్రక్టరు. కొట్టుకు రాకముందే ముక్కల్ని అక్కడికి తీసుకెళ్లి గ్రైండరు చక్రానికి ఆనించింది. ఉక్కయితే పొడవాటి పసుపు రవ్వలు జిమ్మాలి. ఇది ఎర్రటి పొట్టి రవ్వలు రాల్చి ఊరుకుంది. విరిగిన చోట బూడిదరంగు గరుకు. పోత ఇనుమును అచ్చులో పోసి, పైన వెండిరంగు పూశారు. పోత ఇనుము మీద ఎంత బరువు పెట్టినా మోస్తుంది గానీ, లాగితే, కుదిపితే తట్టుకోలేదు. ఉక్కు కొక్కెమైతే బరువెక్కువైనప్పుడు ముందు సాగుతుంది, నోరు తెరుచుకుంటుంది. చూసినవాడు పక్కకు తప్పుకోవచ్చు. ఏటేటా పిల్లలకు ఈ పాఠం చెప్పేది ఆమే.

అందుకే ఆమె కోపంలో సగం తన మీదే. జూన్‌లో వేట మొదలయ్యే ముందు తండ్రి కొత్త కొక్కేన్ని ఇంటికి తెచ్చి, "చదువుకున్నదానివి, ఓసారి చూడమ్మా," అన్నాడు. ఆమె ఫోనులోంచి తలెత్తి, "మెరుస్తోందిగా, బాగుంది నాన్నా," అంది.

"బరువు సంగతి తర్వాత. ఇది ఉక్కేనా, కాదా?" అని అడిగింది ఇప్పుడు.

"కంపెనీ పంపిందే అమ్ముతామమ్మా. నాకేం తెలుసు?"

ఆమె గోడకు వేలాడుతున్న కొక్కేల్లోంచి ఒకటి తీసింది. "దీనికి బిల్లు రాయండి. ఉక్కు కొక్కెం అని రాయండి."

పెన్ను తీసిన చెయ్యి కాగితం మీద ఆగిపోయింది. తాడు కొలిపిస్తున్న బోటు యజమాని చిట్టియ్య ఇటు తిరిగాడు.

"రాయండి మరి!"

నాగేశ్వరప్రసాద్ రాయలేదు. గొలుసులు కోసే బల్లకు, ఇనుమును కదలకుండా పట్టుకునే వైస్ ఒకటి బిగించి ఉంది. రమ్యశ్రీ కొక్కేన్ని అందులో బిగించి, అక్కడే ఉన్న సుత్తి ఎత్తి కొట్టింది. రెండో దెబ్బకు ముక్క ఎగిరి గోడకు తగిలింది. తర్వాత పోల్చి చూపడానికి తెచ్చిన ఉక్కు కొక్కేన్ని తన సంచిలోంచి తీసి బిగించింది. పది దెబ్బలు కొట్టింది. అది వంగింది గానీ విరగలేదు.

"మా బోటుకీ ఇదే ఉంది కదండీ," అన్నాడు చిట్టియ్య. "దాని కిందే నలుగురు నిలబడతారు!"

నాగేశ్వరప్రసాద్ గొంతు తగ్గించాడు. "లోపలికి రామ్మా, కూర్చుని మాట్లాడుకుందాం. ఆసుపత్రి ఖర్చు నేను చూసుకుంటాను. అందరూ చవగ్గా కావాలంటారు, నేనేం చెయ్యను?"

"చవగ్గా కావాలన్నవాళ్లకి ఇది పోత ఇనుమని చెప్పారా? ఎవరెవరికి అమ్మారో చెప్పండి. ఇక్కడే, ఇప్పుడే!"

అప్పటికి చిట్టియ్య గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉన్నాడు. పేర్లు వచ్చాయి. సాయంత్రానికి రేవులో ఉన్న పదిహేడు బోట్ల మీంచి కొక్కేలు దిగాయి. ఒక్క బోటు మాత్రం అప్పటికే వేటకు వెళ్లిపోయింది, ఫోను కలవలేదు. అది మర్నాడు క్షేమంగా వచ్చాక కొక్కేన్ని విప్పి చూస్తే, మెడ దగ్గర వెంట్రుకంత పగులు. బోటువాళ్లు దేవుడికి దండం పెట్టి నవ్వుకున్నారు. రమ్యశ్రీకి నవ్వు రాలేదు.

ఆమె కొట్టు మీద తండ్రి పేరున ఫిర్యాదు రాసుకుని ఇంటికొచ్చింది. పల్లంరాజు మంచం మీద కూర్చుని ఉన్నాడు. వేళ్లు కదులుతున్నాయి గానీ కుడి చెయ్యి లేవదు. ఇక లేవకపోవచ్చని డాక్టరు చెప్పాడు.

"పోనీలేమ్మా. ఖర్చు ఇస్తానన్నాడటగా," అన్నాడు.

"పోనివ్వను నాన్నా. నువ్వు ఆశకొద్దీ ఎత్తావన్నాడు."

పల్లంరాజు తలెత్తాడు. "ఎవరు? నాగేశ్వరప్రసాదు గారా?"

"అవును. పదిమందిలో అన్నాడు."

ఆయన ఎడమ చెయ్యి చాచి ఫిర్యాదు కాగితం తీసుకుని, ఒళ్లో పెట్టుకుని, చిన్నపిల్లాడిలా వంకరటింకరగా ఒక్కో అక్షరం దిద్దుతూ కింద తన పేరు రాశాడు.